ముట్టుకోకూడని బడి

మాట్లాడేటప్పుడు వెనకనుంచి కండువా పట్టుకుని లాగే మనిషి లేకపోవడం వల్లే జీలుగుపాడు బడి మ్యూజియం అయిపోయింది. తప్పు మంగతాయారుది. తాతబ్బాయి ఈ సంగతి ఎప్పుడో తేల్చేశాడు. మొగుడికంటే ముందు పోవడం ఆవిడ చేసిన మొదటి అన్యాయం. పోతూ పోతూ ఆ లాగే పని ఇంకెవరికీ అప్పజెప్పకపోవడం రెండోది.

కాపురం చేసినన్నాళ్లూ తాతబ్బాయి నలుగురిలో లేచి నిలబడితే చాలు, ఆవిడ చెయ్యి కండువా చివరికి చేరేది. ఒకసారి లాగితే 'ఇక చాలు' అని. రెండుసార్లు లాగితే 'అబద్ధాలు మొదలయ్యాయి' అని. ఆ తర్వాత కండువా ఊడి ఆవిడ చేతిలోకి వచ్చేసేది. ఒట్టి భుజంతో ఉపన్యాసం చెప్పడం తాతబ్బాయికి చేతనయ్యేది కాదు. కూర్చునేవాడు. కూర్చున్న ప్రతిసారీ ఆవిణ్ణి తిట్టుకున్నాడు. కూర్చున్నందువల్ల ఎన్ని కొంపలు మునగకుండా ఆగాయో లెక్క వేసుకోలేదు.

ఆవిడ పోయిన మరుసటేడు బడి మీద మీటింగు పెట్టారు. పిల్లలు తగ్గిపోయారు కాబట్టి అయిదో తరగతి దాకా ఉన్న జీలుగుపాడు బడిని ఎత్తేసి, వాగు అవతల కొండ్రపూడి బడిలో కలిపేస్తామన్నారు.

కొండ్రపూడి మంగతాయారు పుట్టిల్లు. ఆవిడ అక్కడి బడిలో మూడో తరగతి దాకా చదివింది. "మా బడి మీ బడికంటే పాతది. మా బడి గంట ఇత్తడిది. మీదేవుంది, రైలుపట్టా ముక్క" అని జీవితాంతం దెప్పింది. తాతబ్బాయి జీవితాంతం ఒప్పుకోలేదు. దానికి తోడు ఆవిడ దినం రోజున బావమరిది రాఘవులు విస్తళ్లు ఎత్తేసే వేళకి వచ్చాడు. బస్సు తప్పిపోయిందన్నాడు. అక్క దినానికి బస్సు తప్పిపోయే తమ్ముడి ఊళ్లో ఇక కాలు పెట్టనని తాతబ్బాయి ఒట్టేసుకున్నాడు. తను పెట్టని కాలు తన మనవరాలు మాత్రం ఎందుకు పెట్టాలి?

మనవరాలి పేరు దేదీప్య. ఆ పేరు నోరు తిరక్క తాతబ్బాయి బుల్లి అంటాడు. కొడుకు లారీ మీద ఊళ్లు పట్టుకు తిరుగుతాడు. కోడలు తెల్లారకుండానే జీడిపప్పు ఫ్యాక్టరీకి వెళ్తుంది. బుల్లి చదువు తాత పూచీ. మూడో తరగతికి వచ్చినా ఒక్కో అక్షరం కూడబలుక్కుని గానీ చదవలేదు. దానికి చదువు రావాలన్న పంతం ఒకటి, బావమరిది ఊరికి పంపకూడదన్న పంతం ఒకటి. రెండూ కలిసి తాతబ్బాయిని మీటింగులో లేపి నిలబెట్టాయి.

"ఇది మామూలు బడి కాదండి. చరిత్రున్న బడండి! మా తాత సొంత చేతుల్తో పునాది తవ్వాడండి!"

ఇంతవరకూ నిజం. ఇక్కడ ఎవరన్నా కండువా లాగి ఉంటే బాగుండేది.

"తెల్లదొర గుర్రం దిగి ఈ అరుగు మీదే కూచుని మజ్జిగ తాగాడండి! స్వాతంత్ర్యం కోసం కొట్లాడిన పెద్దమనిషొకాయన పోలీసులకి దొరక్కుండా ఈ నల్లబల్ల వెనకాల మూడు రాత్రులు దాక్కున్నాడండి!"

ఆ నల్లబల్ల గోడకి సిమెంటు పూసి నల్లరంగు వేసింది. దాని వెనక బల్లి కూడా దాక్కోలేదు.

ఆ మీటింగుకి జిల్లా వారసత్వ వికాస విభాగం నుంచి ప్రభంజనరావు అనే ఆఫీసరు వచ్చి కూర్చున్నాడు. అప్పట్లో పైన ఎవరికో ఒక ఉత్సాహం పుట్టింది. పుస్తకాల్లో చరిత్ర పిల్లలకి అంటడం లేదట. కళ్లతో చూస్తే అంటుకుంటుందట. అందుకని ప్రతి మండలానికీ ఒక చరిత్ర మ్యూజియం ఉండాలని, ప్రతి విద్యార్థీ దాన్ని దర్శించి తీరాలని ఉత్తర్వులొచ్చాయి. ఈ మండలంలో ప్రభంజనరావుకి గది దొరికిన చోట చరిత్ర దొరకలేదు, చరిత్ర దొరికిన చోట గది దొరకలేదు. రెండూ ఒకే చోట దొరికేసరికి ఆయన లేచి నిలబడ్డాడు.

"స్థానిక పెద్దల వాంగ్మూలం దృష్ట్యా ఈ కట్టడం చారిత్రక ప్రాధాన్యత కలిగినదిగా ప్రాథమికంగా నిర్ధారణ అయినది. ఇట్టి కట్టడమును మూసివేయు ప్రసక్తి లేదు. అదే సమయంలో, ఇట్టి కట్టడమందు దినదినమూ తరగతులు నిర్వహించి దానిని అరగదీయుట క్షమార్హము కాదు. తక్షణమే పరిరక్షణలోకి తీసుకొనడమైనది."

అందరూ చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా తాతబ్బాయి కొట్టాడు. బడి నిలబడిందనుకున్నాడు. నిజమే, బడి నిలబడింది. పిల్లల్నే తీసేశారు.

మేష్టార్ని కొండ్రపూడికి మార్చారు. గోడలకి రంగు వేశారు. నల్లబల్ల ముందు ఎర్రతాడు కట్టి 'తాకరాదు' అని రాశారు. బెంచీలకి నంబర్లు వేసి 'కూర్చొనరాదు' అని రాశారు. రైలుపట్టా గంటకి గాజు పెట్టె బిగించి 'మ్రోగించరాదు' అని రాశారు. పక్కనే మీట నొక్కితే గంట శబ్దం వినిపించే డబ్బా ఒకటి పెట్టారు. అటక మీద పాత పటం దొరికింది. దాని మీద 1955 అని ఉంది కాబట్టి బడి మొత్తాన్ని 1955లో నిలిపేశారు. పటంలో ఉన్నది ఆంధ్ర రాష్ట్రం. మధ్యలో కొన్నాళ్లు పెరిగి మళ్లీ పాత కొలతకే వచ్చింది కాబట్టి చూసేవాళ్లకి తేడా తెలియలేదు. రాజధాని దగ్గర మాత్రం చుక్క పెట్టి కర్నూలు అని ఉంది.

అన్నీ కుదిరాక ప్రభంజనరావు తాతబ్బాయి ఇంటికి వచ్చాడు.

"సజీవ ప్రదర్శన లేని మ్యూజియంకి మార్కులు తక్కువండీ. 1955లో మీరు ఆ బడిలో ఉన్నారు కదా?"

"అయిదో తరగతిలో ఉన్నానండి."

"మీరు ప్రదర్శించబడాలి."

"నేనప్పుడు పిల్లాణ్ణండి. మేష్టారు వేరే ఆయన. పోయారు."

"పిల్లవాడిగా ప్రదర్శించుటకు మీ శరీరం సహకరించదు. ఉపాధ్యాయుడిగా ప్రదర్శిస్తాం."

"అయిదో తరగతేనండి నా చదువు. అది కూడా లెక్కల్లో పోయింది."

"ప్రదర్శన వస్తువులకి విద్యార్హతలు నిర్దేశించలేదు."

బుద్ధున్న మనిషి అక్కడ వద్దనేవాడు. కానీ గుమ్మం పక్కన పాలరాతి పలక మీద పేరు చెక్కిస్తామన్నారు. మంగతాయారు పుట్టింటివాళ్లలో ఎవరి పేరూ ఏ రాతి మీదా లేదు. తాతబ్బాయి ఒప్పుకున్నాడు.

పంచె, లాల్చీ ఇచ్చారు. చేతికి బెత్తం ఇచ్చారు. పిల్లల హక్కులకి భంగం రాకుండా దాన్ని థర్మాకోల్‌తో చేశారు. కండువాకి పిన్నీసుతో '17' అని బిళ్ల గుచ్చారు. పదహారో నంబరు మంచినీళ్ల కుండ. పద్దెనిమిదోది చెప్పుల స్టాండు.

మొదటిరోజు అద్దంలో చూసుకుని, ఇది చూడకుండా పోయి మంచిపని చేసింది అనుకున్నాడు. మంగతాయారు గురించి అతను ఒప్పుకున్న మొదటి మంచిపని అదే.

బుల్లి కొండ్రపూడి వెళ్లలేదు. తిన్నగా మ్యూజియంకి వచ్చింది. పిల్లలకి ప్రవేశం ఉచితం. చూడ్డం అయ్యాక అటు గుమ్మంలోంచి బయటికి పోవాలని రూలు. బుల్లి అటునుంచి పోయి ఇటునుంచి మళ్లీ వచ్చేది. వర్షాలు పట్టి, వాగు పొంగి, కొండ్రపూడి ఆటో రావడం మానేశాక మిగతా పిల్లలూ వచ్చారు. వాళ్లూ అలాగే తిరిగారు. గుమ్మం దగ్గర వాచ్‌మన్ సింహాద్రి వచ్చినవాళ్లని వచ్చినట్టు లెక్కగట్టి పైకి పంపాడు. నెల తిరిగేసరికి జిల్లాలో అతి ఎక్కువమంది చూసే మ్యూజియం జీలుగుపాడుదని తేలింది. ప్రభంజనరావుకి శాలువా కప్పారు.

తాతబ్బాయి చెప్పే పాఠాలకి కూడా రూలు ఉంది. 1955 దాటకూడదు.

"రెండు సోలలు ఒక తవ్వ. రెండు తవ్వలు ఒక మానిక. రెండు మానికలు ఒక అడ్డ. రెండు అడ్డలు ఒక కుంచం. అనండర్రా."

పిల్లలు అన్నారు.

"కిలోకి ఎన్ని తవ్వలు తాతా?" అంది బుల్లి.

తాతబ్బాయికి తెలియదు. "కిలో ఇంకా పుట్టలేదు. కూచో" అన్నాడు.

"దశాంశాలు చెప్తావా?"

"అవీ పుట్టలేదు."

ఆ రూలు ఎంత గొప్పదో అప్పుడు తెలిసింది. తనకి రానివన్నీ 1955 తర్వాత పుట్టినవే. ఏ మేష్టారికీ దక్కని సుఖం అది. ఈ లెక్కన లెక్కల్లో పోవడం కూడా తన తప్పు కాదు, తొందరపడి పరీక్ష పెట్టినవాళ్లదే అనుకున్నాడు.

ఒకరోజు పట్నం నుంచి పెద్ద స్కూలు బస్సు వచ్చింది. పిల్లలు టైలు కట్టుకుని వరసగా నడిచారు. వాళ్ల టీచరమ్మ గుమ్మంలో ఆగిపోయింది. లోపల జీలుగుపాడు పిల్లలు నేల మీద మఠం వేసుక్కూచుని కుంచాలు వల్లిస్తున్నారు.

"అబ్బ! ఎంత సహజంగా ఉన్నారండీ! మోకాళ్లకి మట్టి కూడా పూశారు. ముక్కులు కూడా కారుతున్నాయి! ఎక్కడ చేయించారు?"

ప్రభంజనరావు ఒక్క క్షణమే తడబడ్డాడు.

"ఇక్కడేనండి. స్థానిక వనరులే" అన్నాడు.

మర్నాటికి పిల్లలందరికీ నంబర్లు వచ్చాయి. బుల్లి ఇరవై మూడు. ప్రదర్శనలో భాగం కాబట్టి ఇక బయటికి పోయి లోపలికి రానక్కర్లేదు, పొద్దస్తమానం కూర్చోవచ్చు. తాతబ్బాయి లోలోపల నవ్వుకున్నాడు. బడి మూసేశారు, మ్యూజియం పెట్టారు, అందులోకి మళ్లీ బడి వచ్చి కూర్చుంది. తన తెలివికి తనే ముచ్చటపడ్డాడు. కండువా లాగేవాళ్లు ఉంటే ఈ ముచ్చట కూడా అంతసేపు సాగేది కాదు.

దసరా దాటాక ఒక మధ్యాహ్నం బుల్లి గోడమీది బోర్డు ముందు నిలబడి, ఎక్కడా ఆగకుండా చదివింది.

"ప్రదర్శన వస్తువులను తాకుట, కదల్చుట, వినియోగించుట నిషేధము."

అది జీవితంలో గడగడా చదివిన మొదటి వాక్యం. తాతబ్బాయి చేతిలో థర్మాకోల్ బెత్తం విరిగిపోయింది. ఎవరికన్నా చెప్పాలని వెనక్కి తిరిగాడు. వెనక మంచినీళ్ల కుండ ఉంది. పదహారో నంబరు.

"నిషేధము దగ్గర అంత గట్టిగా అరవక్కర్లేదు" అన్నాడు బుల్లితో. అతనికి మెచ్చుకోవడం అంతకంటే రాదు.

వారం తిరక్కుండా ప్రభంజనరావు ఊడిపడ్డాడు.

"నెల కిందటి బస్సుకి ఈ ఇరవై మూడో నంబరు 'కుం... చం' అని కూడబలుక్కుని చదివింది. వారికి చాలా నచ్చింది. నిన్నటి బస్సుకి వాచకంలో పేజీ మొత్తం గుక్క తిప్పుకోకుండా చదివేసింది. చూడవలసినది చూపలేదని ఫిర్యాదు వచ్చింది."

"చదువొచ్చిందండి దానికి."

"అదే నేనడిగేది. ఎలా వచ్చింది? ఎవరు రానిచ్చారు?"

"కూచోబెట్టి చెప్తే వచ్చేత్తదండి. నేనేం కావాలని..."

"చూడండి తాతబ్బాయిగారూ. ప్రదర్శన వస్తువు స్థితిలో మార్పు రాకూడదు. కుండ కుండలాగే ఉండాలి. బెంచీ బెంచీలాగే ఉండాలి. మార్పు వస్తే దాన్ని మా విభాగంలో నష్టం అంటాం. నష్టాన్ని పూర్వస్థితికి పునరుద్ధరించాలి. లేనిచో ఆ వస్తువును తొలగించాలి."

"పునరుద్ధరించడవంటే?"

"రాకుండా చేయండి."

తొలగిస్తే బుల్లి కొండ్రపూడి పోవాలి. తాతబ్బాయి ఒట్టు తాతబ్బాయికి ఉంది. సాయంత్రం అరుగు మీద కూర్చోబెట్టుకుని చెప్పాడు.

"రేపు బస్సొచ్చినప్పుడు తప్పు చదవాలే, బుల్లీ."

"ఎన్ని తప్పులు తాతా?"

"ఇదివరకు చదివేదానివి కదా, అన్ని."

"అవి మర్చిపోయాను."

"గుర్తు తెచ్చుకో."

బుల్లి బుద్ధిమంతురాలు. గుర్తు తెచ్చుకుంది. బస్సు వచ్చినప్పుడల్లా నత్తి నత్తిగా చదివింది, వేలు పెట్టి వెతుక్కుంది, తల గోక్కుంది. వచ్చినవాళ్లు ఫోటోలు తీసుకున్నారు. ఫిర్యాదులు ఆగిపోయాయి. ప్రభంజనరావు తాతబ్బాయి భుజం తట్టి "అద్భుతంగా పునరుద్ధరించారు" అన్నాడు.

కొన్నాళ్లకి ఇంటి దగ్గర, ఏ బస్సూ లేనప్పుడు, సబ్బు కాగితం మీది అక్షరాలు చూసి బుల్లి "సు... గం..." అని ఆగిపోయింది.

"ఇక్కడెవరూ లేరే. మామూలుగా చదువు" అన్నాడు తాతబ్బాయి.

"మామూలుగానే చదువుతున్నాను తాతా."

ఆ పూట తాతబ్బాయికి అన్నం సయించలేదు. కోడలు అడిగితే ఉప్పు చాల్లేదన్నాడు.

అప్పుడే పై నుంచి పెద్ద తనిఖీ వచ్చింది. అభ్యసన ఫలితాల సంయుక్త సంచాలకురాలు కాదంబరీదేవి గారు స్వయంగా విచ్చేశారు. బడి ముందు షామియానా వేశారు. చుట్టుపక్కల ఊళ్ల పెద్దల్ని పిలిచారు. కొండ్రపూడి తరఫున రాఘవులు వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. ఈసారి ఏ బస్సూ తప్పిపోలేదు. తాతబ్బాయి మొహం తిప్పుకున్నాడు.

ఆవిడ ముందు ఆ రోజు బస్సులో వచ్చిన పట్నం పిల్లల్ని అడిగారు. "మ్యూజియం చూసి మీరేం నేర్చుకున్నారు?"

"నల్లబల్లని ముట్టుకోకూడదు మేడమ్."

"బెంచీ మీద కూచోకూడదు మేడమ్."

"పూర్వం తాతగార్లకి కోపం ఎక్కువ మేడమ్."

ఆవిడ సంతృప్తిగా తలూపి బుల్లి వైపు తిరిగారు. "నువ్వు చెప్పమ్మా. మన రాజధాని ఏది?"

"కర్నూలండి."

ప్రభంజనరావు జేబురుమాలు తీశాడు. ఆవిడ చాలాసేపు ఆలోచించారు. తప్పని చెప్పాలంటే ఒప్పేదో చెప్పాలి. అది చెప్పగలిగే స్థాయి తనది కాదని ఆవిడకి తెలుసు.

"సంతృప్తికరం" అన్నారు.

తర్వాత మైకు అందుకున్నారు. "బడికి వచ్చే పిల్లల సంఖ్య తగ్గుతున్నది. మ్యూజియంకు వచ్చే పిల్లల సంఖ్య పెరుగుతున్నది. బాలబాలికలు బడిలో కంటే మ్యూజియంలోనే ఎక్కువ నేర్చుకొనుచున్నారని దీనివల్ల రుజువగుచున్నది. కావున బడులను దశలవారీగా మ్యూజియంలుగా ఉన్నతీకరించాలని సంకల్పించాం. ఈ మండలంలో తదుపరి బడి ఏది?"

"కొండ్రపూడి మేడమ్" అన్నాడు ప్రభంజనరావు.

"దానికి చారిత్రక ప్రాధాన్యత ఉన్నదా? స్థానిక పెద్దల వాంగ్మూలం కావాలి."

తలలన్నీ తాతబ్బాయి వైపు తిరిగాయి. వాంగ్మూలం ఇవ్వడంలో ఆ చుట్టుపక్కల అతన్ని మించినవాడు లేడు.

తాతబ్బాయి లేచాడు. కండువా సర్దుకున్నాడు. పదిహేడో నంబరు బిళ్ల మెరిసింది. కొండ్రపూడి బడి గురించి అతనికి తెలియనిది లేదు. పెళ్లైన కొత్తలో మంగతాయారు చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి చూపించింది. గంట ఇత్తడిదే. దాని అంచు మీద సంవత్సరం పోతపోసి ఉంది. జీలుగుపాడు పునాదికంటే పాతది. ఆ రోజు అంకె కనపడనట్టు నటించాడు. ఇప్పుడు చెప్పొచ్చు. ఆవిడ మాట నిజమని పదిమందిలో ఒప్పుకోవచ్చు. అదే దెబ్బకి రాఘవులు ఊరి బడి మూయించొచ్చు. ఒక్క అబద్ధం కూడా ఆడకుండా ఇంత పని జరిగే అవకాశం జీవితంలో మొదటిసారి వచ్చింది.

"కొండ్రపూడి బడి సంగతంటే..." అని గొంతు సవరించుకున్నాడు.

వెనకనుంచి ఎవరో కండువా లాగారు.

తాతబ్బాయి నోరు దానంతట అదే మూతపడింది. మెల్లిగా వెనక్కి తిరిగి చూశాడు. బుల్లి. కండువా చివర పిడికిట్లో పట్టుకుని ఉంది.

"ఆకలేత్తంది తాతా. ఎల్దాం" అంది.

మైకు దగ్గర కాదంబరీదేవి గారు ఎదురుచూస్తున్నారు. తాతబ్బాయి ముందుకి తిరిగాడు.

"ఏమీ లేదండి. మామూలు బడండి. మొన్న మొన్న కట్టారు. ఏ దొరా రాలేదు, ఎవరూ దాక్కోలేదు."

"గంట? ఇతర పురాతన వస్తువులు?"

"ఇనపదండి గంట. తుప్పు పట్టింది."

ముందు వరసలో రాఘవులు దిగ్గున లేచాడు. "అదేంటి బావా! మా ఊరి గంట ఇనపదా? మా అక్క నీకు..."

"నోరు మూసుకో" అన్నాడు తాతబ్బాయి.

దినం తర్వాత బావమరిదితో అతను ఆడిన మొదటి మాట అది. రాఘవులు కూర్చున్నాడు. కాదంబరీదేవి గారు "ప్రాధాన్యత లేదు" అని చెప్పి రాయించారు. ప్రాధాన్యత లేనందువల్ల కొండ్రపూడి బడి బడిగానే మిగిలిపోయింది.

తాతబ్బాయి బిళ్ల పీకి ప్రభంజనరావు చేతిలో పెట్టేశాడు. బుల్లి బిళ్ల కూడా పీకి పెట్టాడు. అతని స్థానంలో రంగు వేసిన మట్టిబొమ్మ పెట్టారట. అది మాట్లాడదు కాబట్టి మార్కులు పెరిగాయట. పాలరాతి మీద పేరు మాత్రం అలాగే ఉంది. తాతబ్బాయి అటుగా పోవాల్సొస్తే చుట్టుతిరిగి పోతాడు.

సోమవారం పొద్దున్న పంచె ఎగ్గట్టి, బుల్లిని భుజాన ఎక్కించుకుని వాగు దాటాడు. నీళ్లు మోకాలి దాకా ఉన్నాయి. ఇన్నాళ్లూ దాటలేనంత వాగేమీ కాదు అది. ఒట్టు వాగులోనే తడిసింది. బడి గేటు దగ్గర దింపుతుంటే లోపల గంట కొట్టారు. ఇత్తడి మోత. ఊరి చివరిదాకా సాగి, ఆగడానికి చాలాసేపు పట్టింది.

బుల్లి తల పైకెత్తింది. "ఇనపదన్నావు కదా తాతా?"

గేటు పక్కన నిలబడ్డ రాఘవులు కూడా తల తిప్పి చూశాడు. అతని మొహంలోనూ అదే ప్రశ్న ఉంది.

తాతబ్బాయి తడి పంచె దులుపుకున్నాడు. కండువా తీసి, మడతపెట్టి, చంకలో పెట్టుకున్నాడు. వెనక్కి తిరిగి వాగులోకి దిగాడు.